దిక్కులేనివారితో కలిసి నడిచిన దొరసాని – కెరొలిన్ చిజమ్ జీవితం

ఊరుగాని ఊళ్లో రైలు దిగి, మూట పక్కన పెట్టుకుని, ఎటు పోవాలో తెలియక స్టేషను అరుగు మీద తెల్లవారేదాకా కూర్చోవడం ఎలా ఉంటుందో మన ఇళ్లలోని పెద్దలను అడిగితే చెబుతారు. చేతిలో ఒక చీటీ, ఆ చీటీ మీద ఎవరిదో పేరు. ఆ మనిషి స్టేషనుకు వస్తే బ్రతుకు ఒక దారిన పడుతుంది. రాకపోతే ఇంకొక దారి. గనులకు, మిల్లులకు, రైల్వే పనులకు వచ్చి పొరుగు రాష్ట్రాలలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో ఈ కథ ఏదో ఒక రూపంలో లేని ఇల్లు ఉండదని మేము అనుకుంటాము.

నూట ఎనభై ఏండ్ల క్రితం ఇదే కథ ఓడరేవులో జరిగింది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ రేవు అది. ఓడ దిగినవారు తిరిగి ఇంటికి పోవాలంటే నాలుగు నెలల సముద్రయానం చేయాలి. అక్కడ చీటీ మీద పేరు కూడా లేకుండా దిగిన ఆడపిల్లల కోసం, పని దొరకక దేశదిమ్మరులై తిరిగే కూలీల కోసం రేవులో ఎదురుచూసిన ఒక గృహిణి జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాము. ఆమె పేరు కెరొలిన్ చిజమ్. ఆమె మొదటి సేవ మన మద్రాసులోనే జరిగిందన్న సంగతి మనవారిలో చాలామందికి తెలియదు.

కెరొలిన్ అమ్మగారు 1808 మే 30న ఇంగ్లండులోని నార్తాంప్టన్ దగ్గర పుట్టారు. పుట్టింటి పేరు జోన్స్. తండ్రి విలియమ్ జోన్స్ కలిగిన రైతు. ఇంటినిండా పిల్లలు. ఆమె చిన్నతనంలోనే తండ్రి కన్నుమూశారు. బాల్యం గురించి ఆమే తరువాత చెప్పుకున్న ఒక ముచ్చట ఉంది. ఏడేండ్లు నిండకముందే చేతులు కడుక్కునే బేసినులో నీళ్లు పోసి, చిక్కుడు కాయలను ఓడలు చేసి, చిన్న చిన్న బొమ్మలను కుటుంబాలు కుటుంబాలుగా ఎక్కించి, అవతలి ఒడ్డుకు, అంటే మంచం మీది దుప్పటికి చేర్చేదట. ఆ ఓడలు తిరిగి వచ్చేటప్పుడు ఊళ్లో మిగిలిపోయినవారికి గోధుమలు తెచ్చేవట. ఒకే ఓడలో ఒక వెస్లియన్ బోధకుణ్ణి, ఒక కథోలిక గురువును కలిపి కూర్చోబెట్టేదట. పెద్దయ్యాక ఆమె చేసినదంతా ఈ బేసిను ఆటలోనే ఉన్నట్టు మాకు తోస్తుంది. ఒంటరివాణ్ణి కాదు, కుటుంబాన్ని పంపాలి. వెళ్లినవాడు ఊరిని మరవకూడదు. ఏ సంఘం అని అడగకూడదు.

1830 డిసెంబరులో ఆమె ఆర్చిబాల్డ్ చిజమ్ గారిని పెండ్లాడారు. ఆయన ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు సైన్యంలో అధికారి, ఆమెకన్న పదేండ్లు పెద్ద, రోమన్ కథోలిక కుటుంబీకుడు. ప్రొటెస్టంటు ఇంట పెరిగిన ఆమె ఆయన సంఘంలోనే చేరారు. కాని పెండ్లికి ముందే ఒక షరతు పెట్టారు. దేవుడు తనకు ఏ సేవ అప్పగిస్తే దానికి భర్త అడ్డు రాకూడదని, బాగా ఆలోచించుకుని చెప్పమని ఒక నెల గడువు ఇచ్చారు. ఆయన నెల తరువాత వచ్చి ఒప్పుకున్నారు. ఒప్పుకున్న మాటను చనిపోయేదాకా నిలబెట్టుకున్నారు. కెరొలిన్ అమ్మగారి చరిత్ర చెప్పేవారు ఈయనను ఒక వాక్యంతో దాటవేస్తారు. అది న్యాయం కాదు.

భర్త ఉద్యోగరీత్యా ఆమె మద్రాసు వచ్చారు. పటాలంలోని తెల్ల సిపాయిల ఆడపిల్లలు చదువూ పనీ లేక బారకాసుల చుట్టూ తిరిగి చెడిపోతుండడం చూశారు. 1834లో వారి కోసం ఒక పారిశ్రామిక పాఠశాల పెట్టారు. చదవడం వ్రాయడంతోపాటు వంట, ఇంటి ఖర్చుల లెక్క, కుట్టుపని, రోగుల సేవ అక్కడ నేర్పేవారు. అది యూరోపియను సిపాయిల బిడ్డలకే పరిమితమైన బడి. గోడ అవతల మన పిల్లలు ఎందరో ఉన్నా, ఆ బడి వారిది కాదు. ఆ కాలం అటువంటిది. కాని దిక్కులేని పిల్లకు జాలికన్న ముందు చేతిలో పని కావాలన్న సంగతి ఆమె మద్రాసులోనే గ్రహించారు. ఆమె పెద్ద కొడుకులిద్దరూ ఇండియాలోనే పుట్టారు.

1838లో ఆర్చిబాల్డ్ గారికి ఆరోగ్యం చెడి రెండేండ్ల సెలవు దొరికింది. కుటుంబమంతా ఓడెక్కి అక్టోబరులో సిడ్నీ చేరి, దగ్గరలోని విండ్సర్ అనే ఊళ్లో కాపురం పెట్టారు. అక్కడ మూడవ కొడుకు పుట్టాడు. 1840లో సెలవు అయిపోయి భర్త తిరిగి సైన్యంలోకి వెళ్లిపోయారు. ముగ్గురు చిన్నపిల్లలతో ఆమె విండ్సరులోనే ఉండిపోయారు.

అప్పటి సిడ్నీ ఎలాంటిదో కొంచెం చెప్పాలి. న్యూ సౌత్ వేల్స్ అనే ఆ వలసరాజ్యం 1788లో బ్రిటిషువారి ఖైదీల స్థలంగా మొదలైంది. గొఱ్ఱెల మందలు పెరిగాయి, ఉన్ని వ్యాపారం పెరిగింది, పెద్ద ఆసాములు వేల ఎకరాల మేతభూములు ఆక్రమించారు. పని చేయడానికి ఖైదీలు ఉండేవారు. 1840లో అక్కడికి ఖైదీలను పంపడం ఆగిపోయింది. ఇక కూలీలు కావాలి. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు దేశాల బీదలను ఓడల్లో తెచ్చిన వ్యాపారికి తలకు ఇంత అని ప్రభుత్వం డబ్బిచ్చేది. మనకు తెలిసిన మేస్త్రీ పద్ధతే ఇది. మనిషి ప్రాణంతో రేవులో దిగితే మేస్త్రీ డబ్బు మేస్త్రీకి ముట్టింది, ఆ తరువాత ఆ మనిషి ఏమైతే అతనికేమి? 1841 ఒక్క సంవత్సరంలోనే ఈ విధంగా సుమారు 20,000 మంది దిగారు. సరిగ్గా అప్పుడే ఉన్ని ధర పడిపోయి వ్యాపారాలు దివాలా తీశాయి.

వింత ఏమిటంటే, సిడ్నీ వీధుల్లో పనిలేని జనం తిరుగుతుంటే, వంద మైళ్ల లోపలి పల్లెల్లో రైతులు కూలీలు లేక మొత్తుకుంటున్నారు. మధ్యలో దారి తెలియదు. అడవి అంటే భయం. దారిదోపిడీ చేసే పారిపోయిన ఖైదీలున్నారని, ఆదివాసులు చంపుతారని పట్నంలో కథలు. చేతిలో బండి కిరాయి లేదు. రైతుకు పట్నం వచ్చి వెదికే తీరిక లేదు. ఆ జనాన్ని పెద్దలు సోమరులన్నారు. పైగా 1835లో చేసిన చట్టం ప్రకారం, కనబడే జీవనోపాధి లేకుండా తిరిగేవాణ్ణి పట్టి జైల్లో వేయవచ్చు. 1828 నాటి మరొక చట్టం ప్రకారం, ఒప్పుకున్న పని మధ్యలో వదిలి వెళ్లిన కూలివాణ్ణి కూడా జైల్లో వేయవచ్చు. పని లేకపోతే నేరం, పని చెడ్డదై వదిలేస్తే నేరం. ఈ రెండు తలుపుల మధ్య నలిగినవాడే ఆ కాలపు దేశదిమ్మరి. అతని చేతిలో మార్చుకోగలిగినది తన కాళ్ల దారి ఒక్కటే.

అందరికన్న అన్యాయమైపోయినవారు ఒంటరి ఆడపిల్లలు. పెండ్లికాని పిల్లలు ఓడలో ఎవరైనా దంపతుల సంరక్షణలో రావాలని నియమం ఉండేది. కాగితం మీద ఎవరో ఒకరి పేరు వ్రాసేవారు, రేవులో దిగగానే ఆ సంరక్షకులు తమ దారిన పోయేవారు. ఇక పిల్లలు సముద్రపు ఒడ్డున రాళ్ల సందులలో, తోటలలో చెట్ల కింద రాత్రులు గడిపేవారు. వారి కోసం రేవులో కాచుకుని కూర్చునే మనుషులు మాత్రం ఉండేవారు. ఎటువంటి మనుషులో మేము చెప్పనక్కరలేదు.

కెరొలిన్ అమ్మగారు మొదట ఒకరిద్దరిని విండ్సరులోని తన ఇంటికి తెచ్చుకుని, మంచి ఇండ్లలో పనికి కుదిర్చేవారు. ఓడ వచ్చినప్పుడల్లా రేవుకు వెళ్లేవారు. కాని ఒక్క ఇల్లు ఎందరికి చాలుతుంది? గవర్నరును కలిసి ఒక ఆశ్రమం అడగాలని అనుకుని, లోకం ఏమంటుందోనని వెనుకాడారు. ఒక సైనికాధికారి భార్య, ముగ్గురు పిల్లల తల్లి వీధి పిల్లల కోసం రేవులో తిరగడం అప్పటి పెద్దింటివారికి తలవంపు. 1841 ఈస్టరు ఆదివారమున గుడిలో బలిపీఠం ఎదుట ఆమె తన శక్తినంతా ఈ పనికి అర్పిస్తానని, దేశమూ సంఘమూ చూడనని మొక్కుకున్నారు. అయినా మళ్లీ జంకారు. ఇంతలో ఫ్లోరా అనే పిల్ల కనబడింది. స్కాట్లండు కొండల నుండి వచ్చిన చక్కని పిల్లగా ఆమెకు ముందే తెలిసిన మనిషి. ఇప్పుడు మోసపోయి, త్రాగి, సముద్రంలో పడి చావడానికి పోతున్నది. అమ్మగారు ఆ పిల్లతో ఒడ్డు వెంబడి చాలాసేపు నడిచి మాట్లాడి, చావనని మాట తీసుకుని, తలదాచుకునే చోటు చూపించారు. ఆ తరువాత ఆమె ఇక జంకలేదు.

గవర్నరు సర్ జార్జ్ గిప్స్, ఎవరో కళ్లజోడు పెట్టుకున్న ముసలామె వచ్చి దేవుని మాటలు చెప్పి పోతుందనుకున్నారట. ఎదుటికి వచ్చినది ముప్పై మూడేండ్ల అందమైన స్త్రీ, లెక్కలతో వాదించే స్త్రీ. ఆయన చాలాకాలం తప్పించుకున్నారు. చివరకు ప్రభుత్వానికి ఒక్క కాసు ఖర్చు రాదని ఆమె చేత హామీ తీసుకుని, వలసవారి పాత కొయ్య బారకాసులో కొంత భాగం ఇచ్చారు. ఆమె పిల్లలను విండ్సరులో ఇతరుల సంరక్షణలో వదిలి, అక్కడి ఒక చిన్న సామాను గదిలో పడక వేసుకున్నారు.

ఆ మొదటి రాత్రి సంగతి చెప్పకుండా ఉండలేము. దీపం ఆర్పగానే గదినిండా చప్పుడు. కుక్కలేమో అనుకుని దీపం వెలిగించి చూస్తే ఎలుకలు! కొన్ని ఆమె భుజం మీదికే దూకాయి. బట్టలు సర్దుకుని వెళ్లిపోదామనుకున్నారు. వెళ్తే రేపు సిడ్నీ అంతా నవ్వుతుంది, ఆశ్రమం మాట మళ్లీ ఎత్తలేము. కాబట్టి కూర్చున్నారు. రెండో దీపం వెలిగించి, రొట్టె ముక్కలు చేసి గది మధ్యలో పోసి, గిన్నెలో నీళ్లు పెట్టి, తాను మంచం మీద కూర్చుని చదువుకుంటూ తెల్లవార్లూ లెక్క పెట్టారు. పదమూడు ఎలుకలు. మరుసటి రాత్రి కూడా విందు సిద్ధమైంది, ఈసారి రొట్టెలో పాషాణం కలిపారు. ఆ తరువాత గదికి వెల్ల వేయించి, ఆడపిల్లలను చేర్చుకున్నారు. కొద్దికాలంలోనే అక్కడ తొంభైమందికి పైగా తలదాచుకున్నారు.

ఇల్లు దొరికింది, పని దొరకాలి. ఆమె పల్లె పల్లెకు పాదిరులకు, మేజిస్ట్రేటులకు, ఆసాములకు ఉత్తరాలు వ్రాశారు. మీ ప్రాంతంలో ఎలాంటి పనివారు కావాలి, జీతమెంత ఇస్తారు, తినే వస్తువుల ధరలెంత అని అడిగారు. ఆ ఉత్తరాలకు తపాలా ఖర్చు లేకుండా గవర్నరు అనుమతించారు. జవాబులు వచ్చాయి. కాని పిల్లలు అడవికి పోమన్నారు. పట్నంలో విన్న కథలు వారిని పట్టుకుని వదలలేదు. వేరే ఎవరైనా అయితే పిల్లలకు నచ్చజెప్పి బండి ఎక్కించి పంపేవారు. ఈమె తానే బయలుదేరారు.

కేప్టెన్ అనే తెల్లగుఱ్ఱమెక్కి ముందు ఆమె, వెనుక ఎద్దుల బండ్లలో ఆడపిల్లలు. తరువాత తరువాత కుటుంబాలు, పనిలేని మగవారు కూడా చేరారు. ఒకసారి సిడ్నీలో 147 మందితో కదిలిన గుంపు దారిలో పెరిగి పెరిగి 240 అయిందట. దారిలో ఏ కమతం తగిలినా ముందుగా తాను వెళ్లి, ఆ ఇంటి ఇల్లాలు ఎలాంటిదో, గుడిసె ఎలా ఉందో చూసి, నచ్చితే ఒక పిల్లను దింపేవారు. పెండ్లాము లేని ఆసామి ఇంట ఆడపిల్లను పనికి పెట్టేవారు కారు. రాత్రి ఏ రైతు కొట్టంలోనో బస. రైతులు పిండి, మాంసం, తేయాకు ఇచ్చేవారు. పూటకూళ్లవారు చాలాచోట్ల ఆమె దగ్గర డబ్బు పుచ్చుకోలేదు. పారమట్టా, లివర్‌పూల్, మైట్‌లాండ్, గౌల్‌బర్న్, యాస్ మొదలైన ఊళ్లలో వచ్చినవారు దిగడానికి చిన్న చిన్న విడిదులు ఏర్పడ్డాయి.

ఎక్కడా కనబడని ఇంకొక పని ఆమె చేశారు. ఒప్పంద పత్రాలు అచ్చు వేయించారు. జీతమెంత, తిండి సామాను ఎంత, ఎన్నాళ్లు, అంతా అందులో వ్రాసి మూడు ప్రతులు చేసేవారు. ఒకటి యజమానికి, ఒకటి కూలివానికి, ఒకటి తన పెట్టెలో. అంతవరకు ఆసామి నోటిమాటే ఒప్పందం. లెక్క తేల్చే రోజున చక్కెర, పొగాకు పేరు చెప్పి సగం జీతం కోసేస్తే కూలివాడు ఏమని నిరూపిస్తాడు? ఇప్పుడు అతని జేబులోనే కాగితం ఉంది. ఆమె తన దగ్గర పనికి కుదిరినవారి నుండి రుసుము తీసుకోలేదు. దారి ఖర్చులకు లేనివారికి అప్పు ఇచ్చేవారు, ఆ అప్పు దాదాపు అంతా తిరిగి వచ్చేది. బీదవాడు అప్పు ఎగవేస్తాడన్నవారికి ఆమె చూపిన జవాబు ఆ లెక్కల పుస్తకమే. మనలో మేస్త్రీ అడ్వాన్సుకు వేలిముద్ర వేసి సంవత్సరాలు చాకిరీ చేసినవారి బిడ్డలున్నారు. ఆ మూడవ ప్రతి విలువ ఏమిటో వారికి మేము వివరించనవసరం లేదు.

1842లో కార్తజీనియన్ అనే ఓడలో ఒక ఆడపిల్లను కెప్టెను, ఓడ వైద్యుడు కలిసి హింసించిన సంగతి బయటపడింది. ఇద్దరూ పెద్దమనుషులు. గవర్నరు వెనుకాడి, కేసు వీగిపోతే ఆమెకే ముప్పని హెచ్చరించారు. తన దగ్గర సాక్ష్యముందని, వారు జైలుకు పోవడమో తాను పోవడమో తేలవలసి ఉంటే ఆ ప్రమాదానికి తాను సిద్ధమేనని ఆమె జవాబిచ్చారు. కేసు నడిచింది. ఇద్దరికీ జైలుశిక్ష పడింది. ఆ తరువాత ఓడలవారు కొంచెం జాగ్రత్తగా ఉన్నారు.

విరోధం లేకపోలేదు. ఆమె కథోలికురాలు కాబట్టి ఐరిషు కథోలికులతో దేశాన్ని నింపి పోపు పాలన తెస్తున్నదని ప్రెస్బిటేరియను నాయకుడు డాక్టర్ జాన్ డన్మోర్ లాంగ్ వంటివారు పత్రికలలో వ్రాశారు. ఆమె సంఘపు గురువులలోనూ కొందరికి ఈ పని మొదట నచ్చలేదు. ఆమె మాత్రం తన పుస్తకంలో చేరిన ప్రొటెస్టంటు పిల్లను ప్రొటెస్టంటు ఇంటికి, కథోలిక పిల్లను కథోలిక ఇంటికి పంపడానికే చూసేవారు. మన పాఠకులకు ఆమె సంఘ సిద్ధాంతాలతో భేదముంటుంది. ఆ భేదాన్ని దాచి ఈ జీవితం చెప్పడం మాకు ఇష్టం లేదు. కాని బేసినులో ఒకే ఓడ ఎక్కించిన ఆ ఇద్దరు బోధకులను ఆమె చివరిదాకా దింపలేదన్నది కూడా నిజమే.

కూలిపని ఒక్కటే చాలదని, కుటుంబానికి సొంత నేల ఉండాలని ఆమె అభిప్రాయం. 1842లో ప్రభుత్వం ఎకరం కనీస ధర ఒక పౌనుకు పెంచింది. కూలివానికి అది అందని మాట. పెద్ద ఆసాములు మాత్రం కొద్దిపాటి రుసుముతో వేల ఎకరాలు మేపుకునేవారు. వారికి పెండ్లాం పిల్లలు లేని ఒంటరి గొఱ్ఱెలకాపరులే కావాలి. అటువంటివాడు గుడిసెలో ఏండ్ల తరబడి ఒంటరిగా ఉండి, జీతం చేతికి రాగానే సారా దుకాణంలో పోగొట్టుకుని, మళ్లీ దారి పట్టేవాడు. ఇల్లు లేనివాణ్ణి తయారుచేసి, ఇల్లు లేదని శిక్షించే పద్ధతి అది. 1843 చివర ఆమె షెల్‌హార్బర్ అనే చోట రాబర్ట్ టౌన్స్ అనే వర్తకుని భూమిలో 23 కుటుంబాలను కౌలుకు కుదిర్చి స్థిరపరిచారు.

ఇక్కడ రెండు మాటలు చెప్పకపోతే కథ పూర్తి నిజం కాదు. ఈ టౌన్స్ గారే 1863లో పసిఫిక్ దీవుల మనుషులను ఓడలో తెచ్చి క్వీన్స్‌లాండులో తన ప్రత్తి తోటల్లో చౌకగా పని చేయించుకున్నారు. ఇక రెండవది. ఆ నేల ఖాళీ నేల కాదు. వేల ఏండ్లుగా అక్కడ బ్రతికిన ఆదివాసులది. వారిని తరిమి, చంపి, మిగిలినవారిని తమ నేల మీదనే దిమ్మరులను చేసింది ఆ వలసరాజ్యం. కెరొలిన్ అమ్మగారు ఓడ దిగిన బీదవారిని చూసినంత స్పష్టంగా వీరిని చూడలేదు. మద్రాసు బడి గోడలాంటి గోడ ఇక్కడా ఉంది.

1845లో భర్త సైన్యం నుండి విరమించి వచ్చారు. దంపతులిద్దరూ సొంత ఖర్చుతో ఊరూరా తిరిగి, స్థిరపడిన వలసవారి నోటనే వారి బ్రతుకు కథలను ఆరు వందలకు పైగా వ్రాసుకున్నారు. ఎక్కడి నుండి వచ్చారు, మొదటి జీతమెంత, ఇప్పుడేమి తింటున్నారు, ఇంటి దగ్గర ఎవరిని వదిలి వచ్చారు. ఆ చివరి ప్రశ్నకు వచ్చిన జవాబులే ఆమెను 1846లో లండను పంపాయి. అప్పటికి ఆమె చేతి మీదుగా పనిలో, భూమిలో కుదిరినవారు సుమారు 11,000 మంది.

లండనులో ఆమె మొదట పట్టుకున్నది రెండు సంగతులు. శిక్ష ముగిసి ఆస్ట్రేలియాలో ఉండిపోయిన ఖైదీలకు భార్యాబిడ్డలను పంపుతామని ప్రభుత్వం ఎప్పుడో మాట ఇచ్చి మరచింది. వలస వెళ్లిన తల్లిదండ్రులు తీసుకుపోలేక వదిలిన పిల్లలు బీదల ఆశ్రమాలలో పెరుగుతున్నారు. ఆమె అధికారుల గుమ్మాలు తిరిగి, ఆ భార్యలకు ఉచిత ప్రయాణం ఇప్పించి, ఆ పిల్లలను ఓడలలో తల్లిదండ్రుల దగ్గరకు చేర్చారు. ప్రభువుల సభ కమిటీల ఎదుట సాక్ష్యమిచ్చారు.

1849లో తన ఇంట్లోనే కుటుంబ వలస రుణ సంఘమును స్థాపించారు. లార్డ్ ఆష్లీ, సిడ్నీ హెర్బర్ట్ వంటి పెద్దలు, ధనవంతురాలు బర్డెట్ కూట్స్ దొరసాని సహాయపడ్డారు. ప్రయాణపు ఖర్చులో కొంత కుటుంబమే కూడబెట్టాలి. మిగిలినది సంఘం వడ్డీ లేకుండా అప్పిస్తుంది. అక్కడ సంపాదించి వాయిదాలలో తీర్చాలి, ఆ డబ్బుతో ఇంకొక కుటుంబం వస్తుంది. ఒంటరి పిల్లలను కుటుంబాలకు ముందే పరిచయం చేసి, నిజమైన సంరక్షణలో ఎక్కించేవారు. 1850లో మొదటి ఓడ స్లెయిన్స్ కాజిల్ బయలుదేరింది. వాయిదాలు వసూలు చేయడానికి ఆర్చిబాల్డ్ గారు 1851లో ఆస్ట్రేలియా వెళ్లి జీతం లేకుండా పనిచేశారు. ఇద్దరూ మళ్లీ మూడేండ్లు విడిగా ఉన్నారు.

ప్రసిద్ధ నవలాకారుడు చార్లెస్ డికెన్స్ తన పత్రిక మొదటి సంచికలోనే, 1850 మార్చిలో, ఆమె ఇచ్చిన వలసవారి ఉత్తరాలను అచ్చువేసి సంఘానికి ప్రచారం చేశారు. ఆమె ఇంటికి వెళ్లి వచ్చాక ఆమె పిల్లల మాసిన ముఖాలను కూడా మరవలేదు. తరువాత ఆయన వ్రాసిన నవలలో, దూరదేశపు సేవలో మునిగి సొంత పిల్లలను పట్టించుకోని జెలిబీ దొరసాని పాత్రలో ఈమె పోలికలు కొన్ని ఉన్నాయంటారు. మేము దీనిని కప్పిపుచ్చబోము. విండ్సరులో వదిలిన పిల్లల కోసం ఆమె ఎంత ఏడ్చారో ఏమో, ఆ ఏడ్పు మాత్రం ఏ నవలలోనూ రాలేదు. సేవ చేసే ఇండ్లలో పిల్లలు చెల్లించే మూల్యం మన పాస్టరుగార్ల ఇండ్లలోనూ మనం చూసినదే.

1851లో విక్టోరియాలో బంగారం దొరికింది. లోకమంతా అటు పరుగెత్తింది. 1854లో ఆమె మెల్‌బోర్న్ చేరి, గనుల ప్రాంతాలు తిరిగి చూశారు. నెత్తిన దుప్పటి చుట్ట, భుజాన పార, పక్కన పిల్లలను ఎత్తుకున్న ఆడవారు. బురదలో మైళ్ల కొద్దీ నడక. దారిలో సారా దుకాణాలు తప్ప బీదవాడు పడుకోవడానికి చోటు లేదు. గనికి వెళ్లిన మగవాడు భార్యాబిడ్డలను పట్నంలో వదిలేసేవాడు, నెలలు గడిచేవి, కొందరు తిరిగి వచ్చేవారు కారు. దారిలో బస దొరికితే కుటుంబమంతా కలిసి వెళ్తుందని ఆమె వాదన. రోజుకు ఒక నడక దూరంలో ఒక కొట్టం చొప్పున కట్టాలని ప్రభుత్వాన్ని ఒప్పించారు. 1855 నాటికి కొన్ని తెరిచారు. కొద్దిపాటి రుసుముతో పడక, నిప్పు, నీళ్లు. మన దేశంలో బాటసారులకు సత్రాలు కట్టించిన పుణ్యాత్ములున్నారు. మద్రాసులో ఉన్నప్పుడు ఆమె అటువంటివి చూసే ఉంటారని మాకొక ఊహ, అంతకుమించి చెప్పలేము.

ఆ దేశప్రజలు ఆమెను మరవలేదు, అప్పటికింకా. విక్టోరియా శాసనసభ 5,000 పౌనులు ఇచ్చింది, ప్రజలు చందాలు వేశారు. ఆ డబ్బుతో పెట్టిన వ్యాపారం ఎంతో కాలం ఆదుకోలేదు. కైనెటన్ అనే ఊళ్లో ఉండగా ఆమెకు మూత్రపిండాల జబ్బు పట్టింది. వైద్యానికి సిడ్నీ వెళ్లారు. జబ్బుతోనే 1859, 1860లలో సభలలో మాట్లాడారు. ఆసాముల చేతిలో బిగిసిన భూములను సామాన్యులకు తెరవాలన్నదే అప్పుడూ ఆమె మాట. 1861లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం సామాన్యుడు చిన్న కమతం ఎంచుకునే చట్టం చేసింది. 1862లో, ఇల్లు గడవక, ఆమె న్యూటౌనులో ఆడపిల్లల బడి పెట్టారు. మద్రాసులో దానంగా మొదలుపెట్టిన పనినే ఇరవై ఎనిమిదేండ్ల తరువాత పొట్టకూటికి చేయవలసి వచ్చింది.

1866లో ఇంగ్లండు తిరిగి వెళ్లారు. మరుసటి సంవత్సరం ప్రభుత్వం సంవత్సరానికి 100 పౌనుల పింఛను ఇచ్చింది. చివరి అయిదేండ్లు లండనులో ఒక చీకటి అద్దె గదిలో మంచం పట్టి ఉన్నారు. 1877 మార్చి 25న కన్నుమూశారు. పత్రికలలో నాలుగు ముక్కలు వచ్చాయి. వేలమందిని ఓడ నుండి ఇంటిదాకా చేర్చిన మనిషి తాను మాత్రం అద్దె ఇంట్లోనే పోయారు.

ఆస్ట్రేలియా ప్రభుత్వం 1967లో మొదలుపెట్టిన అయిదు డాలర్ల నోటు మీద ఆమె బొమ్మ వేసింది. 1992లో కొత్త నోటు వచ్చేదాకా కూలి డబ్బు పుచ్చుకున్న ప్రతివాని చేతిలోనూ ఆ ముఖం ఉండేది.

నార్తాంప్టనులో పుట్టిన ఊరి స్మశానంలోనే ఆమెను సమాధి చేశారు. రాతి మీద ఆమెను వలసవారి స్నేహితురాలని చెక్కారు. ఆర్చిబాల్డ్ గారు అదే ఆగస్టులో చనిపోయారు. ఆయనను కూడా ఆ సమాధిలోనే పెట్టారు.